గుమ్మం బయట అభ్యర్థి

(కోల్‌కతాలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరు మీద ఈ స్మారకోపన్యాసం చేయమన్నప్పుడు ఏ విషయం ఎంచుకోవాలా అని నేను తడుముకోలేదు. ఆయన పత్రికల మనిషి. రాసినాయన కాదు, చదివినాయన. రైల్లో ఒక రోజు ఆలస్యంగా హౌరాలో దిగే తెలుగు పత్రికనీ, పొద్దున్నే వాకిట్లో పడే ఆనందబజార్‌నీ, స్టేట్స్‌మన్‌నీ పక్కపక్కనే పరిచి, బడిపిల్లల చెక్క స్కేలుతో వార్తలు కొలిచేవారు. ఎన్నికలొస్తే ఇక చెప్పక్కర్లేదు. ఏ అభ్యర్థికి ఎన్ని అంగుళాలు ఇచ్చారు, ఫొటో వేశారా, పేరు శీర్షికలో ఉందా, లోపలెక్కడో చివరి పేరాలో ఉందా అని చూసేవారు. "ఏం రాశారో తర్వాత చూద్దువుగాని నాయనా, ముందు ఎంత రాశారో చూడు" అనేవారు. అందుకే ఈ సాయంత్రం, బయటినుంచి రాజకీయాల్లోకి వచ్చే అభ్యర్థుల్ని మన పత్రికలూ చానళ్లూ ఎలా చూస్తాయన్నది మాట్లాడదామనుకున్నాను.

పత్రికల పక్షపాతం అనగానే మనకి అబద్ధపు వార్త గుర్తొస్తుంది. నేను డెస్కులో పనిచేసినవాణ్ణి. పచ్చి అబద్ధం అచ్చయ్యే సందర్భాలు మీరనుకునేదానికన్నా తక్కువ. ఎవరిని అభ్యర్థిగా లెక్కలోకి తీసుకోవాలి, ఎవరిని వింతగా చూపించాలి అన్నది మాత్రం విలేకరి కలం తీయకముందే తేలిపోయి ఉంటుంది. ఆ వింత రెండు రకాలు. ఒకటి వెక్కిరింపు, రెండోది హారతి. పైకి ఇవి పగవాళ్లలా కనిపిస్తాయి. నా లెక్కలో ఇవి తోడబుట్టినవి. ఎందుకంటే రెండింటిలోనూ అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్న అడగకుండానే కథ నడిచిపోతుంది.

ఈ నగరంలో అందరికీ ముందు తట్టే ఉదాహరణ మమతా బెనర్జీ. 1984 డిసెంబరులో జాదవ్‌పూర్ లోక్‌సభ స్థానంలో సోమనాథ్ చటర్జీని ఓడించేనాటికి ఆమెకి 29 ఏళ్లు. ఆయన ఇంగ్లండులో చదివొచ్చిన బారిస్టరు. ఆమె కాళీఘాట్‌లో ఆదిగంగ దగ్గర, హరీశ్ చటర్జీ వీధిలో పెంకుటింటి పిల్ల. బెంగాల్‌ని ఏలినవాళ్ల వరస చూడండి. విధాన్‌చంద్ర రాయ్ లండన్‌లో పైచదువు చదివిన డాక్టరు. సిద్ధార్థ శంకర్ రాయ్ బారిస్టరు. జ్యోతి బసు బారిస్టరు. ఆ తర్వాత వచ్చిన బుద్ధదేవ్ భట్టాచార్య ప్రెసిడెన్సీ కాలేజీవారు, మార్క్వెజ్‌ని బెంగాలీలోకి తెచ్చినవారు. నాయకుడంటే ఇలా ఉండాలని ఎవరూ చట్టం చేయలేదు. అయినా పత్రికాఫీసుల్లో అందరికీ తెలుసు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమందీ అవే కాలేజీల్లో చదివారు మరి.

అందుకని ఆమె గురించి రాసినప్పుడల్లా హవాయి చెప్పులూ, నలిగిన నూలుచీరా, గొంతు పెంచి మాట్లాడే తీరూ ముందుకొచ్చేవి. జ్యోతిబాబు ఇస్త్రీ చెదరని ధోవతి ఆయన హుందాతనానికి గుర్తయితే, ఆమె చీర ఆమె నిలకడలేనితనానికి గుర్తయింది. 1993 జనవరిలో సచివాలయం రైటర్స్ బిల్డింగ్ నుంచి ఆమెని పోలీసులు ఈడ్చి బయటపడేశారు. అదే ఏడాది జూలై 21న ఆమె నడిపిన యువజన కాంగ్రెస్ ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపితే 13 మంది చనిపోయారు. ఇంత జరిగాక కూడా విశ్లేషకుల్లో చాలామందికి ఆమె చేసేది వీధి నాటకంగానే కనిపించింది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి, లేకపోతే నేనూ హారతి పట్టినవాణ్ణే అవుతాను. ఆమె తన పేరు ముందు డాక్టర్ అని రాసుకునే రోజుల్లో, ఆ పట్టా ఇచ్చిందని చెప్పిన ఈస్ట్ జార్జియా విశ్వవిద్యాలయం అసలు లేనేలేదని పత్రికలే బయటపెట్టాయి. అది పక్షపాతం కాదు, పత్రిక చేయాల్సిన పనే. బయటినుంచి వచ్చిన మనిషని చెప్పి ఆ ప్రశ్న అడక్కుండా వదిలేస్తే తప్పు. చెప్పుల గురించి రాయడానికీ పట్టా గురించి అడగడానికీ తేడా తెలియని డెస్కు ఏ పక్షాన ఉన్నా ఒకటే.

2004 లోక్‌సభ ఎన్నికల్లో ఆమె పెట్టిన తృణమూల్ కాంగ్రెస్‌కి దక్కింది ఒక్క సీటు, దక్షిణ కోల్‌కతాలో ఆమెదే. 2006 శాసనసభలో 294 స్థానాల్లో వామపక్ష కూటమికి 235, ఆమెకి 30. ఇక ఈమె పని అయిపోయిందని రాసినవాళ్లని తప్పుపట్టలేం. లెక్కలు అలాగే ఉన్నాయి. తప్పు ఆ తర్వాత జరిగింది. సింగూరులో టాటా నానో కార్ల ఫ్యాక్టరీ కోసం 997 ఎకరాలు సేకరించారు. డిసెంబరు చలిలో ధర్మతల్లాలో ఆమె నిరాహారదీక్షకి కూర్చుంటే, పెద్ద పత్రికల సంపాదకీయాల్లో నెలల తరబడి ఒకటే విచారం: ఈమె మొండితనం వల్ల బెంగాల్‌కి రాబోయే పరిశ్రమ పోతుందే అని. పరిశ్రమ కావాలనుకోవడం నేరం కాదు, నేను కూడా కావాలనే అనుకున్నాను. కానీ రైతుల అభ్యంతరాలు చట్టప్రకారం విన్నారా లేదా అన్న ప్రశ్న సంపాదకీయాల్లో మొదటి వరసకి రాలేదు. 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ భూసేకరణని కొట్టేసింది. ఇద్దరు న్యాయమూర్తులు కొన్ని విషయాల్లో విభేదించినా, రైతుల అభ్యంతరాల మీద సరైన విచారణ జరగలేదన్న చోట ఏకీభవించారు. ఒక మనిషి స్వభావం మీద అన్ని కాలమ్‌లు ఖర్చు చేసి, అభ్యంతరాలు వినాలన్న ఒక సెక్షన్ గురించి నాలుగు వాక్యాలు రాయలేకపోయారు. రాయకపోవడానికి కారణం, ఆ ప్రశ్న ఎత్తిన మనిషి వాళ్ల కళ్లకి ప్రశ్న ఎత్తే మనిషిలా కనిపించకపోవడమే.

అందరూ ఒక్క తాను గుడ్డలే అని నేననను. ఎమర్జెన్సీలో జైలుకెళ్లొచ్చిన బరుణ్ సేన్‌గుప్తా, ఆనందబజార్‌లోంచి బయటికొచ్చి 1984లో పెట్టిన బర్తమాన్ మొదటినుంచీ వామపక్ష ప్రభుత్వంతో తలపడింది. అప్పటి అధికార పక్షానికి గణశక్తి అనే సొంత పత్రిక ఎలాగూ ఉంది. చదివేవాడు రెండూ కొనుక్కుంటే చిత్రం కొంత పూర్తయ్యేది. రెండూ కొనేవాళ్లు మాస్టారిలాంటివాళ్లు ఎందరుంటారు?

2011 మే 20న ఆమె ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఇరవయ్యేళ్లకు పైగా తనని గుమ్మం బయట నిలబెట్టిన పత్రికల్ని ఆమె మరిచిపోలేదు. 2012 మార్చిలో ప్రభుత్వ సాయం పొందే గ్రంథాలయాలకి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో ఫలానా ఎనిమిది పత్రికలే కొనాలి. బెంగాలీ ఐదు, హిందీ ఒకటి, ఉర్దూ రెండు. ఆనందబజార్ లేదు, వామపక్షంతో తలపడిన బర్తమాన్ కూడా లేదు, ఇంగ్లీషు పత్రిక ఒక్కటీ లేదు. పాఠకుల్లో స్వేచ్ఛగా ఆలోచించే గుణం పెంచడానికే ఈ ఏర్పాటని అందులో కారణం కూడా చెప్పారు! గొడవయ్యాక జాబితాలో మరికొన్ని చేర్చారనుకోండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ జాబితాలో ఉన్న పేర్లు. సంబాద్ ప్రతిదిన్ యజమాని శృంజయ్ బోస్ అప్పటికే, 2011లో, తృణమూల్ తరఫున రాజ్యసభకి వెళ్లారు. 2012లో సన్మార్గ్‌కి చెందిన వివేక్ గుప్తా, అఖ్‌బారె మష్రిక్‌కి చెందిన నదీముల్ హక్, జనం దగ్గర డిపాజిట్లు సేకరించే శారదా గ్రూపు మీడియాని నడిపిన కునాల్ ఘోష్ వెళ్లారు. జాబితాలోని సకాల్‌బేలా శారదా వారిదే. 2013 ఏప్రిల్‌లో శారదా కుప్పకూలి, లక్షలమంది చిన్న డిపాజిటర్ల సొమ్ముతో పాటు ఆ పత్రికలూ చానళ్లూ మునిగిపోయాయి. వాటిలో పనిచేసే కుర్ర విలేకరులు రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు. వెక్కిరించిన పత్రికలు గ్రంథాలయంలోంచి బయటికీ, హారతి పట్టినవి రాజ్యసభలోకీ వెళ్లాయి. డిపాజిటరుకి ముందుగా హెచ్చరిక ఇవ్వాల్సిన పత్రిక ఏ బల్ల మీద ఉండాలి?

ఇంతవరకూ విని, ఇదంతా బెంగాలీవాళ్ల గోల, మనవైపు ఇలా ఉండదులే అని మీలో ఎవరైనా అనుకుంటే, ఎన్టీఆర్ దగ్గరికి వెళ్దాం. 1984 జనవరిలో దేశంలోని ప్రతిపక్షాలు ఈ నగరంలోనే సమావేశమైతే ఆయనా వచ్చారు. అప్పటికి ఆయన ముఖ్యమంత్రి అయి ఏడాది. అంతకు రెండేళ్ల ముందు ఆయన రాజకీయాల గురించి ఎవరైనా అడిగితే నవ్వేవాళ్లే ఎక్కువ.

1982 మార్చి 29న హైదరాబాద్‌లో ఆయన పార్టీ తెలుగుదేశం పుట్టింది. కాంగ్రెస్ ఐదేళ్ల లోపు నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చిన కాలమది. ఢిల్లీ ఇంగ్లీషు పత్రికలకి ఎన్టీఆర్ రాముడి వేషం, కృష్ణుడి వేషం కట్టిన సినిమా మనిషి. ఆయన ప్రచార వాహనం చైతన్యరథం వాళ్లకి మరో సెట్టింగు. ఈనాడుకి మాత్రం అదే అసలు వార్త. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఆ పత్రిక రథం వెంట ఊరూరా తిరిగింది. జనం రాత్రి ఎంతసేపు రోడ్డు మీద కాసుకున్నారో, ఆడవాళ్లు హారతులెలా ఇచ్చారో పొద్దున్నే ఫొటోలతో ఇంటికి తెచ్చిచ్చింది. ఢిల్లీకి కనపడని జనం ఈనాడుకి కనపడ్డారన్నది నిజం, అందుకు ఆ విలేకరుల్ని మెచ్చుకోవాలి. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరి 9న, ఆయన ముఖ్యమంత్రి అయ్యారు.

మరి ఆ తొమ్మిది నెలల్లో అడగని ప్రశ్న ఏది? పార్టీలో ఆయన తర్వాత ఎవరు, నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయి, ఒక్క మనిషి మాట మీద నడిచే పార్టీలో రేపు తేడా వస్తే దాన్ని తీర్చే పద్ధతి ఏమిటి అన్నది. 1984 ఆగస్టు 16న సొంత పార్టీవాడే అయిన నాదెండ్ల భాస్కరరావు రూపంలో ఆ తేడా వచ్చింది. గవర్నరు ఎన్టీఆర్‌ని దించేస్తే, జనం వీధుల్లోకి వచ్చి నెల తిరిగేసరికి మళ్లీ కూర్చోబెట్టారు. అప్పుడు ఈనాడు గట్టిగా ఆయన పక్షాన నిలబడింది. 1995 ఆగస్టులో ఆ తేడా రెండోసారి పార్టీ లోపలినుంచే వచ్చింది. అప్పుడు ఈనాడు ఎటు నిలబడ్డదో, ఆ పత్రికలో శ్రీధర్ కార్టూన్లు ఎవరి మీద పడ్డాయో తెలుగు పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. ఐదు నెలలు గడవకముందే, 1996 జనవరి 18న, ఆయన పోయారు. రెండుసార్లూ ఆయన కుర్చీ కదిలింది ఇంట్లోంచే. 1982లో ఎవరైనా ఆ ఇంటి కట్టడం గురించి నాలుగు ముక్కలు అడిగి ఉంటే, వినేవాళ్లో లేదో తెలియదుగానీ, అచ్చులో ఉండేది.

వెక్కిరింపు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో 2015 జూలైలో హఫింగ్టన్ పోస్ట్ డొనాల్డ్ ట్రంప్ ప్రచార వార్తల్ని రాజకీయాల కింద వేయబోమని చెప్పి వినోదం శీర్షిక కిందకి మార్చింది. డిసెంబరులో నాలుక్కరుచుకుని మళ్లీ రాజకీయాల్లోకి తెచ్చింది. మరుసటేడాది ఆయన అధ్యక్ష ఎన్నికల్లో గెలిచారు. ఆయన పట్ల నాకు ఏ సానుభూతీ లేదు. కానీ నచ్చని అభ్యర్థిని సినిమా పేజీలోకి నెడితే ఓటర్లూ అక్కడే వదిలేస్తారనుకోవడం అహంకారం.

ఇప్పటిదాకా చెప్పినవాళ్లంతా పెద్దవాళ్లు. వెక్కిరించినా పొగిడినా వాళ్ల పేర్లు అచ్చయ్యాయి. అసలు బయటివాళ్లు వేరే ఉన్నారు. 2021 బెంగాల్ ఎన్నికల్లో బాంకుడా జిల్లా శాల్తోరా నుంచి బీజేపీ తరఫున చందనా బౌరి నిలబడ్డారు. భర్త తాపీమేస్త్రీ. దేశంలోని చానళ్లన్నీ ఆమె గుడిసె ముందు వాలాయి. ఆమెకి మూడు మేకలూ మూడు ఆవులూ ఉన్నాయని, అఫిడవిట్‌లో చూపిన ఆస్తి 31,985 రూపాయలని మనందరికీ కంఠతా వచ్చింది. ఆమె గెలిచారు కూడా. శాల్తోరాలో తాగునీటి గురించో ఉపాధి గురించో ఆమె ఏమన్నారో ఈ సభలో ఎవరికైనా తెలుసా? నాకూ తెలియదు, నేను ఆ వార్తలు వెతికి మరీ చదివాను. ఆ పార్టీయే ఆవుస్‌గ్రామ్‌లో ఇళ్లలో పనిచేసుకునే కలితా మాజీని నిలబెట్టింది. ఆవిడ గురించి కూడా అంట్ల గిన్నెల ఫొటోలే. ఆవిడ ఆ ఎన్నికల్లో ఓడిపోయారు. తృణమూల్ బలాగఢ్‌లో మనోరంజన్ వ్యాపారికి టికెట్టిచ్చింది. జాదవ్‌పూర్‌లో రిక్షా తొక్కుతూ, ఒకరోజు తన రిక్షా ఎక్కిన మహాశ్వేతాదేవి వల్ల రచయిత అయిన దళితుడాయన. దేశవిభజన తర్వాతి శరణార్థుల గురించీ బెంగాల్‌లో కులం గురించీ గంటలు మాట్లాడగల మనిషి. టీవీవాళ్లకి ఆయన దగ్గర కావలసింది రిక్షా మాత్రమే.

అదే ఎన్నికల్లో నందిగ్రామ్ సంగతి సరేసరి. మమత మీద బీజేపీ తరఫున శుభేందు అధికారి. దేశమంతా ఆ ఇద్దరినే చూసింది, 1,956 ఓట్ల తేడాతో మమత ఓడారు. అక్కడ సీపీఎం తరఫున మీనాక్షీ ముఖర్జీ అనే యువతి కూడా ఇల్లిల్లూ తిరిగింది. ఆమెకి ఆరువేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. కెమెరాలు ఉన్నా అన్నే వచ్చేవేమో. కానీ ఉద్యోగాల గురించి ఆమె అడిగిన ప్రశ్న మిగతా ఇద్దరూ వినాల్సివచ్చేది. డెస్కులో మేము స్వతంత్రుల్నీ చిన్న పార్టీలవాళ్లనీ "ఇతరులు" అనే గడిలో వేసేవాళ్లం. ఆ గడిలో పడ్డవాడు తన ఊరి చెరువు గురించి ఏం చెప్పినా అది వార్త కాదు.

ఆ గడిలోంచి బయటపడాలంటే ఒక దారి ఉంది, డబ్బు. ప్యాకేజీ అంటారు మనవైపు. 2009 ఎన్నికల్లో డబ్బుకి వార్తలమ్మే ఈ వ్యాపారం ఎంత ముదిరిందంటే, ప్రెస్ కౌన్సిల్ విచారణకి ఇద్దర్ని వేసింది. ఒకరు బెంగాలీ పాత్రికేయుడు పరంజయ్ గుహా ఠాకుర్తా, ఇంకొకరు మన కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వాళ్లు పత్రికల పేర్లతో సహా నివేదిక రాసిచ్చారు. కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి పొట్టి నివేదిక విడుదల చేసింది. చివరికి సమాచార కమిషన్ ఆదేశిస్తే 2011లో పూర్తి నివేదిక బయటికొచ్చింది. ఆ ఎన్నికల్లోనే ఒక లోక్‌సత్తా పార్టీ అభ్యర్థి పత్రికకి డబ్బు కట్టి తన గురించి మంచి వార్త వేయించుకుని, ఆ సొమ్ముని ఎన్నికల ఖర్చులో చూపించి మరీ ఈ వ్యాపారాన్ని రట్టు చేశాడు. డబ్బు లేని బయటివాడికి వెక్కిరింపు కూడా దక్కదు.

చివరగా, మనకి దగ్గరి విషయం. 2021లో తృణమూల్ బీజేపీ నాయకుల్ని "బహిరాగత", అంటే బయటివాళ్లు, అంది. బెంగాల్‌కి కావలసింది తన ఇంటి బిడ్డే అని గోడల నిండా రాసింది. ఎవరు ఈ నేల మనిషి, ఎవరు కాదు అన్నది ఒక పార్టీ ప్రచారం. చర్చల్లోనూ శీర్షికల్లోనూ అది కొద్ది రోజుల్లో మామూలు వర్ణన అయిపోయింది. అదే పార్టీ 2022లో ఆసన్‌సోల్‌కి పట్నా నుంచి శత్రుఘ్న సిన్హానీ, 2024లో బహరంపూర్‌కి బరోడా నుంచి యూసుఫ్ పఠాన్‌నీ తెచ్చింది. పఠాన్ ఐదుసార్ల ఎంపీ అధీర్ చౌధురిని 85 వేల పైచిలుకు ఓట్లతో ఓడించారు. 2021లో గోడ మీద రాసిందాన్ని చూపించి పార్టీని గట్టిగా నిలదీసినవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఈ మాట మనకి ఎందుకు గుచ్చుకోవాలంటే, టిటాగఢ్ జనపనార మిల్లుల్లో, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో మన తాతలు కూడా బయటివాళ్లే. 2020 డిసెంబరులో, ఎన్నికలకి మూడు నాలుగు నెలల ముందు, ఈ రాష్ట్ర ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చింది. సంతోషం. ఖరగ్‌పూర్ ఓట్లు దానికి కారణం కాదని నమ్మేంత అమాయకులం కాదు. అదే ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ బెంగాలీలూ హిందీవాళ్లూ కలిసి జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్ అనే సిక్కు పెద్దాయన్ని పదిసార్లు శాసనసభకి పంపారు. చాచా అని పిలుచుకున్నారు. 2016లో ఓడించిందీ వాళ్లే. ఆయన ఏ ఊరివాడన్నది ఓటర్లకి లెక్క కాలేదు, పని చేస్తాడా లేదా అన్నదే చూశారు. పత్రికలు ఓటర్ల కన్నా వెనకబడి ఉండడం వింత కాదు, అలవాటే.

మీకో విన్నపం. ఎన్నికల్లో నిలబడ్డ ప్రతి అభ్యర్థీ తన ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాలతో అఫిడవిట్ ఇచ్చి తీరాలి. అవన్నీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఈసారి ఎన్నికలొచ్చినప్పుడు మీ నియోజకవర్గంలో పెద్ద పార్టీల ఇద్దరివే కాకుండా అందరివీ చదవండి. తర్వాత మీరు తెప్పించుకునే పత్రిక సంపాదకుడికి ఒక ఉత్తరం రాయండి: మా వీధి సమస్య ఇదీ, అభ్యర్థులందరినీ దీని గురించి అడిగి, జవాబులు పక్కపక్కనే వేయండి అని. వేయకపోతే మళ్లీ రాయండి. చందా కట్టేది మీరే.